కోడిపిల్లలకు మడి

ముందు మా కౌజు కోళ్ల సంగతి చెప్పాలి, తర్వాతే మిగతాది. రాసుకో. నేను మాట్లాడినట్టే రాస్తే నీ కాలేజీలో ఎవరికీ అర్థం కాదంటున్నావు కదా, నా మాటలు పుస్తకంలో ఉండేట్టు దిద్దుకో, ఏం ఫరవాలేదు. కానీ అప్పుడు ఎవరు ఏమన్నారో అది మాత్రం మార్చొద్దు. ముఖ్యంగా ఎదురింటి వదిన మాటలు. ఆమె చదివించుకుని మరీ వింటుంది.

పెళ్లయి నగరి పక్క నుంచి పూతలపట్టు దగ్గరున్న ఈ పల్లెకు వచ్చేటప్పుడు మా అమ్మ నా వెంట ఒక కోడిపెట్టను పంపింది. కౌజుపిట్ట రంగు దానిది. నలుపూ ఎరుపూ పసుపూ కలిసిన ఈకలు, మెడ మీద ఎండ పడితే తోమిన రాగిచెంబులా మెరిసేది. దాన్ని గంపలో పెట్టి, పైన పాత చీర కప్పి, ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. పక్కన మా నాయన. కండక్టరు వచ్చి గంప వైపు అనుమానంగా చూశాడు.

"గంపలో ఏముండాదప్పా?"

"బట్టలప్పా. బిడ్డ కొత్తగా అత్తగారింటికి పోతాండాది," అన్నాడు మా నాయన, మొహం ఏమాత్రం మార్చకుండా.

సరిగ్గా అప్పుడే మా కోడి గొంతెత్తి కొక్కొక్కొక్కో అని అరిచి బస్సంతా వినపడేలా గుడ్డు పెట్టేసింది. కండక్టరు చీర అంచు ఎత్తి చూసి, "మీ బట్టలు గుడ్డు పెట్టినాయి సూడప్పా, ఇంకా ఏడిగా ఉండాది," అన్నాడు. బస్సులో అందరూ నవ్వారు. కొత్త పెళ్లికూతురిని, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు నాకు. దిగేటప్పుడు ఆ గుడ్డు కండక్టరు చేతిలోనే పెట్టి దిగాం.

ఆ కోడి పిల్లలు, వాటి పిల్లలు, మళ్లీ వాటి పిల్లలు. పెంకుటిల్లు పోయి మిద్దె వచ్చింది, మీ తాత పోయాడు, మీ నాన్నకు తల నెరిసింది. దొడ్డిలో కౌజు రంగు మాత్రం ఒక్కరోజు కూడా లేకుండా పోలేదు. మా అమ్మ ఇచ్చినవి నా దగ్గర ఇంకేమీ మిగల్లేదు. చీరలు చిరిగిపోయాయి, ఇత్తడి బిందె స్టీలు సామానుకు మార్చేశాం. కోళ్లే మిగిలాయి. మా అమ్మ చేతి గుడ్డు నుంచి వచ్చిన ప్రాణాలవి. పొద్దున్నే వాటికి నూకలు చల్లేటప్పుడు మా అమ్మ గొంతుతోనే బా బా బా అని పిలుస్తాను. అది నీకు తెలుసు, వీడియో తీసి నవ్వావు కూడా.

ఇక తప్పు నేను చేసిందే. దాన్ని దాచొద్దు, రాయి.

పోయిన ఏడాది వానలు పట్టకముందు మైకు కట్టిన చిన్న వ్యాను ఒకటి వీధిలోకి వచ్చింది. ఫారాల్లో గుడ్లు తగ్గిపోయిన తెల్ల కోళ్లను అలా ఊళ్లలో తిప్పి అమ్మేస్తారు. అందరూ కూరకే కొంటారు. మీ అమ్మ కూడా కూరకే నాలుగు తీసుకోమంది. తీసుకున్నాను. కానీ దొడ్డిలో వదిలితే ఆ నాలుగూ కదల్లేదు. పుట్టినప్పటి నుంచి ఇనుప బోనులో నిలబడ్డ కోళ్లు, వాటికి మన్ను అంటే ఏమిటో తెలియదు. ఒక కాలు మన్నులో పెట్టి, మళ్లీ ఎత్తి, ఆ కాలి వైపే చూసుకుంటున్నాయి. మా కౌజు పెట్ట వాటి ముందుకు పోయి కాలితో మన్ను గీకి, పురుగును చూపించి, పక్కకు తప్పుకుంది. కాసేపటికి ఒక తెల్లకోడి కూడా గీకింది. ఇక కత్తి పెట్టడానికి నాకు చేతులెలా వస్తాయి?

"ఏం వదినా, కోళ్లకు వృద్ధాశ్రమం పెట్టినావా?" అని వీధి అవతల నుంచి ఎదురింటి వదిన కేకేసింది.

"ఔ వదినా, నీకు కూడా ఒక గూడు కట్టిస్తా ఉండు," అన్నాను.

తెల్లకోళ్లు తేరుకున్నాయి. తలకాయ ఎర్రగా, ఈకలు పాలరంగుగా, రెండు రోజులకొక గుడ్డు. వాటికి ఒక్కనాడు కూడా తుమ్ము రాలేదు. అవి వచ్చిన రెండు నెలలకు మా కౌజు కోళ్లలో ఈడుకొస్తున్నవాటికి కాళ్లు పోవడం మొదలైంది. ఎలా అంటే, కాలువ దాటబోయి మధ్యలో ఆగిపోయిన మనిషిలా, ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కు చాచుకుని పడిపోవడం. కళ్లు బాగానే ఉంటాయి, మేత కోసం మెడ చాస్తాయి, లేవలేవు. బెణికిందేమో అనుకుని పసుపూ చింతపండూ ఉడికించి పట్టు వేశాను. దిష్టి అనుకుని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేశాను. ఏం చేసినా వారానికి ఒకటి పోతూనే ఉంది.

దుఃఖంలో మనిషికి ఎవరో ఒకరు దొరకాలి కదా. నాకు వదిన దొరికింది.

"నీ కండ్లు పడినాయి వదినా నా కోళ్ల మింద. వృద్ధాశ్రమం అంటివి, సూడు ఇప్పుడు."

"నా కండ్లకు అంత బలముంటే ముందు నీ నోరు పడిపోయుండాల వదినా," అందామె. రెండు రోజులు మాట్లాడుకోలేదు. మూడో రోజు ఆమే వచ్చింది, చేతిలో తన కోడి. దానికి కూడా ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కు. ఇద్దరం గడప మీద కూర్చుని ఆ కోడినే చూస్తూ ఉండిపోయాం.

చివరకు నా దొడ్డిలో కౌజు రంగులో మిగిలింది ఒక పెట్ట, ఒక పుంజు. నాలుగు తెల్లకోళ్లు మాత్రం హాయిగా దొడ్డంతా తిరుగుతున్నాయి.

అప్పుడు చచ్చిన కోడి ఒకదాన్ని సంచిలో వేసుకుని పశువుల ఆస్పత్రికి పోయాను. అక్కడి డాక్టరమ్మ శ్రీకాళహస్తి పక్క పిల్ల, నీకంటే ఏడెనిమిదేళ్లు పెద్దదేమో. కోడిని కోసి లోపల చూసి, కాలి నరం ఒకటి లాగి చూపించింది. దారంలా ఉండాల్సిన నరం పురికొసలా ఉబ్బి ఉంది. రోగానికి ఇంగ్లీషు పేరేదో చెప్పింది, నాకు నోరు తిరగలేదు. మన వీధిలో దాన్ని కుంటురోగం అనే అంటున్నాం.

"బయటి నుంచి కోళ్లేమన్నా తెచ్చినావా అవ్వా?" అని అడిగింది.

"నాలుగు ఫారం కోళ్లు తెచ్చినా. వాటికేం కాలేదమ్మా, నిక్షేపంగా ఉండాయి."

"వాటికేం కాదు. గుడ్డులోనించి బయటికొచ్చిన రోజే వాటికి టీకా ఏసి ఉంటారు. ఆ టీకా రోగంతో కోడిని సావనీదు, అంతే. రోగాన్ని లోపలికి రాకుండా ఆపదు. కోడి ఒంట్లో ఉండి, ఈకల పొట్టుతో, దుమ్ముతో బయటికి వస్తానే ఉంటాది. నీ కోళ్లకు టీకా లేదు. ఆ దుమ్ము పీల్చినాయి."

జాలిపడి చేరదీసిన కోళ్లు కదా అవి. "అంటే టీకా ఏసిన కోళ్లు నా కోళ్లను సంపినాయా తల్లీ?"

"ఖాయంగా అవే అని సెప్పలేను అవ్వా. ఈ రోగం గాలిలో కూడా వస్తాది. కానీ రోగం మునుపటంత మెత్తగా లేదు, అది నిజం. ముదిరింది."

ఎలా ముదిరిందో ఆ పిల్ల ఓపిగ్గా చెప్పింది. నేను దాన్ని నా మాటల్లో చెబుతాను, తప్పుంటే నువ్వు ఆమెకు ఫోన్ చేసి కనుక్కో. బాడుగకు దిగినవాడు వారానికే ఇల్లు కూలగొట్టేశాడనుకో, వాడు కూడా వీధిన పడతాడు. నెమ్మదిగా ఉండేవాడైతే నాలుగేళ్లుంటాడు, వాడి చుట్టాలు పక్కింట్లోకి కూడా దిగుతారు. వెనకటికి ఈ రోగంలోనూ అంతే. మరీ దుడుకు రకం పట్టిన కోడి నాలుగు రోజుల్లో చచ్చేది, దానితోపాటే ఆ రకం కూడా మట్టయ్యేది. అందుకే నెమ్మది రకమే ఎక్కువ మిగిలేది. టీకా వచ్చి ఇంటి గోడలకు సిమెంటు పూసింది. ఇల్లు కూలదు. కానీ వాకిలి తెరిచే ఉంది. ఇక ఎంత దుడుకువాడైనా లోపల ఉండొచ్చు, పక్కిళ్లకు పోవచ్చు. పక్కిల్లు సిమెంటుదైతే సరే. మట్టిగోడలదైతే కూలుతుంది. నా కోళ్లవి మట్టిగోడలు.

ఇది విని నాకు మండిపోయింది. "అయితే ఆ టీకానే దొంగది. రోగానికి తెలివి నేర్పింది."

"రోగానికి తెలివి ల్యా అవ్వా, మెదడుంటే కదా. దుడుకుది సచ్చిపోయే దారి మూసుకుపోయింది, అంతే," అంది డాక్టరమ్మ. తర్వాత నా ఎడమ జబ్బ మీద చీర పక్కకు జరిపి, గుండ్రటి మచ్చ మీద వేలు పెట్టింది. "ఇదేంది?"

"నా సిన్నప్పుడు పొడిసినారు. పెద్దమ్మవారు రాకుండా."

"ఇప్పుడు పెద్దమ్మవారు యాడుండాది?"

ఎక్కడుంది? మా మేనత్త మొహం నిండా మశూచి మచ్చలే ఉండేవి. నా పిల్లలకు రాలేదు, నీకు ఆ సూది కూడా అక్కర్లేకపోయింది.

"ఆ టీకా వాకిలి కూడా మూసింది. రోగానికి పోనీకి ఇంకో ఇల్లు దొరకలేదు, ముదిరేదానికి కూడా దారి ల్యా, పోయింది. అన్ని టీకాలూ ఒకటి కాదు, అన్ని రోగాలూ ఒకటి కాదు. కోళ్ల టీకా గోడ ఒకటే కట్టింది. అట్లని ఇప్పుడు గోడ పీకేస్తే? బయట తిరిగేది ముదురుది. ఉండేవన్నీ కూలిపోతాయి. అందుకని అందరూ కట్టుకోవాల్సిందే. నీ కోళ్లకు కూడా."

"అయితే ఈపొద్దే ఏసేయి. సంచిలో కౌజు పెట్టను కూడా తెస్తా."

డాక్టరమ్మ నవ్వింది. పెద్ద కోళ్లకు వేసి లాభం లేదట. పిల్లలకే, పుట్టిన మొదటి రోజుల్లోనే. పైగా మందు చిన్న సీసాలో వందల పిల్లలకు సరిపడా వస్తుంది. కలిపాక ఒక గంటలో వాడేయాలి, లేదంటే పారబోయాలి. ఒక కోడి కింది పది పిల్లల కోసం ఎవరూ సీసా విప్పరు. "మీ వీధిలో అందరూ ఒకే రోజు గుడ్లు పొదగబెట్టండి అవ్వా. అన్నీ ఒకే రోజు పిల్లలైతే నేనే వచ్చి ఏస్తా," అంది.

ఒకే రోజు! ఆ పిల్లకు మన వీధి తెలియదు.

మన వీధిలో పొదిగేసేది మూడిళ్లవాళ్లం. నేను, వదిన, మూలింటి కోడలు. ముగ్గురివీ మూడు శాస్త్రాలు. నేను గుడ్లు బేసి లెక్కలో పెడతాను, గంపలో బొగ్గుముక్క, ఇనుప మేకు వేస్తాను, ఉరుముకు గుడ్లు చెడిపోకుండా. వదిన మంగళవారం పెట్టదు, శుక్రవారం పెట్టదు, పొద్దు వంగినాక పెట్టదు. మూలింటి కోడలు ఫోన్‌లో చూసి గుడ్డును టార్చిలైటుకు అడ్డం పెట్టి మరీ పెడుతుంది. మూడు ఇళ్లలోనూ కోళ్లు ఒకేసారి పొదుగుకు కూర్చునే దాకా చూశాం. ముందు కూర్చున్న కోడి లేచిపోకుండా దాని కింద బంకమట్టి గుడ్లు పెట్టి మభ్యపెట్టాం. చివరకు ఒక ఆదివారం కుదిరింది. ఇరవై ఒక్క రోజులకు మళ్లీ ఆదివారమే వస్తుంది, డాక్టరమ్మకూ సెలవు, నీకూ సెలవు.

వదిన క్యాలెండరు చూసి ముఖం ముడుచుకుంది. "ఆపొద్దు అమాస వదినా."

"కోడికి అమాసేంది వదినా?"

"కోడికి లేకపోతే మనకుండాది కదా."

"ఈ ఒక్కసారికి కండ్లు మూసుకో. మందు ఒకటే సీసా."

"సరేలే, నీకంటే నాకెక్కువ తెలుసునా," అని వెళ్లిపోయింది. ఆమె అంత సులభంగా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు.

ఆ మూడు వారాలూ గూళ్లన్నీ కడిగి సున్నం కొట్టించాను. నాలుగు తెల్లకోళ్లను మామిడితోపులో కాపలా గుడిసె దగ్గర వదిలించాను, అక్కడ వేరే కోళ్లు లేవు. చంపమని మీ నాన్న అన్నాడు. వాటి తప్పేముంది? వాటికి ఎవరో గోడ కట్టారు, అవి బతికాయి.

నీ భాగం నువ్వే రాసుకో అంటే సిగ్గుపడుతున్నావు, సరే నేనే చెబుతాను. ఆ ఆదివారం తిరుపతిలో మందుల షాపు తెరిపించి సీసా తీసుకుని, బస్టాండులో చెరుకురసం బండివాడిని అడిగి ఐసుముక్కలు కాఫీ ఫ్లాస్కులో పోయించుకుని, సీసాను అందులో పెట్టుకుని బస్సెక్కావు. ఫ్లాస్కు ఒళ్లో పట్టుకుని వచ్చానన్నావు. నేనూ అలాగే వచ్చాను ఈ ఊరికి, గంప ఒళ్లో పెట్టుకుని. నీది గుడ్డు పెట్టలేదు, అంతే తేడా.

నా కౌజు పెట్ట కింద పదకొండు గుడ్లకు తొమ్మిది పిల్లలయ్యాయి. మూలింటి కోడలికి పద్నాలుగు. ఇక డాక్టరమ్మకు ఫోన్ చేయడమే తరువాయి అనుకుంటూ వదిన ఇంటికి పోయాను. గంపలో కోడి గుడ్లమీద కూర్చుని నన్ను గుర్రుగా చూసింది. పిల్లల చప్పుడే లేదు.

"పిల్లలేవి వదినా?"

వదిన వంటింట్లో లేని పనేదో చేస్తోంది. "వస్తాయిలే."

"ఎప్పుడు?"

"రేపు."

"రేపెట్లా వస్తాయి? అందరం ఆదివారం కదా పెట్టింది?"

"నేను సోమవారం తెల్లారినాక పెట్టినా," అంది వదిన, గోడవైపు చూస్తూ. "అమాసనాడు పెడితే మొత్తం గుడ్లు మురిగిపోతాయని మా అత్త సెప్పింది. ఒక్క రోజే కదా అనుకున్నా. నీకు సెబితే అరుస్తావని సెప్పలా."

అరిచాను. వీధంతా వినేట్టు అరిచాను. నీ ఎదురుగానే కదా. మూలింటి కోడలు కూడా వచ్చింది, నడుం మీద చేతులు పెట్టుకుని.

"ఆమె తప్పుకు మా పిల్లలెందుకు ఆగాల అత్తా? సీసా ఉండాది, పిల్లలుండాయి. మనవాటికి ఏపిచ్చేద్దాం," అంది.

నాకూ అదే నోటిదాకా వచ్చింది. తల్లీ పుంజూ కాక నా దొడ్డిలో ఉన్నవి ఆ తొమ్మిదే. తల్లికి మళ్లీ గుడ్లు పెట్టే వయసుందో లేదో. ఇంకో సీసా తెద్దామంటే, షాపులో అదొక్కటే ఉందని, మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారని నువ్వన్నావు. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, "రేపు మధ్యాహ్నం అన్నం టైములో రాగలను అవ్వా. సీసా ఫ్రిజ్జులో పెట్టి ఒకరోజు ఆగినా మందు పనిచేస్తాది. కానీ ఆ ఒక్కరోజు పిల్లలకు దొడ్డి దుమ్ము తగలకూడదు. తగిలితే మందు పట్టేలోగా రోగం పట్టేస్తాది. నీ ఇష్టం," అంది.

నా ఇష్టమట. ఫోన్ పెట్టేసి అరుగు మీద కూర్చున్నాను. మూలింటి కోడలు నిలబడే ఉంది. వదిన గుమ్మం వెనక ఉంది, చీర చెంగు మాత్రం కనపడుతోంది.

అప్పుడు నా కళ్ల ముందు తెల్లకోళ్లు కదిలాయి. ఈరోజు నా తొమ్మిదింటికీ సూది వేయించేశాననుకో. అవి పెరిగి, మెడలు మెరిపించుకుంటూ, రోగాన్ని ఒంట్లో మోసుకుంటూ వీధి దాటి వదిన దొడ్డిలోకి పోతాయి. కోళ్లకు సరిహద్దులా? గోడలేని వదిన కోడిపిల్లలు ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కు పెట్టి పడిపోతాయి. తెల్లకోళ్లు నా దొడ్డిలో చేసిన పని, మా అమ్మ కోళ్లు వదిన దొడ్డిలో చేస్తాయి. తెల్లకోళ్లకు తెలియదు. నాకు తెలుసు. తెలిసీ ఎలా చేయను?

"రేపే ఏపిద్దాం," అన్నాను.

మూలింటి కోడలు నోరు తెరిచింది. "నీకేం పిచ్చా అత్తా?"

"కరోనా సూదులు ఏసుకున్నాక కూడా నీకు జొరం వచ్చిందా ల్యాదా? నీ నుంచి మీ అత్తకు వచ్చిందా ల్యాదా? ఆమె సూది కూడా ఏసుకునింది కాబట్టి ఈపొద్దు నిన్ను తిడతా కూసోనుండాది. అందరికీ సూది ఉంటేనే అందరం బతికేది మే." ఆ మాటకు ఆమె నవ్వు ఆపుకోలేక, సరే అని తన పిల్లలను అట్టపెట్టెలో సర్దుకోవడానికి పోయింది.

ఆ రోజు మన ఇంట్లో జరిగిన భాగోతం నువ్వే సాక్షివి. పెరటాసి నెలలో తిరుమల స్వామికి తళిగ వేసి నైవేద్యం పెట్టేనాడు ఎంత మడిగా ఉంటామో, అంత మడి కోడిపిల్లలకు పట్టాను. తొమ్మిదింటినీ తల్లి దగ్గర నుంచి తీసి, అట్టపెట్టెలో పెట్టి, బల్బు వేలాడదీసి వంటింట్లో పెట్టాం. వంటింట్లోకి రావాలంటే తలమీద నీళ్లు పోసుకుని, ఉతికిన బట్ట కట్టుకుని రావాలి. మీ నాన్న మామిడితోపు నుంచి వచ్చి కాఫీ అడిగితే గడప బయటే ఆపేశాను.

"నా ఇంట్లోకి నేను రానీకి స్నానం సేయాల్నా మా?"

"సేయాల. నీ సొక్కా మింద తెల్లకోళ్ల దుమ్ముండాది."

"స్వామి గదిలోకే కాళ్లు కడుక్కుని పోతాం కదమ్మా."

"స్వామికి కుంటురోగం రాదప్పా."

పాపం, బోరింగు దగ్గర నీళ్లు పోసుకుని, తడి టవలుతో వచ్చి కాఫీ తాగాడు. కాసేపటికి వదిన వచ్చింది. స్నానం చేసి, తల తుడుచుకోకుండా, ఉతికిన చీర కట్టుకుని గడప దగ్గర నిలబడింది. నా మొహం చూడకుండా, "నేను పిల్లల్ని సూసుకుంటా, నువ్వు అన్నం తిను," అంది. నేను సంగటి ముద్ద పళ్లెంలో పెట్టుకుని ఆమె పక్కనే కూర్చుని తిన్నాను. ఇద్దరం మాట్లాడుకోలేదు. పిల్లలు మాట్లాడుతూనే ఉన్నాయి.

నాకు కష్టమనిపించింది ఒక్కటే. బయట తల్లి కోడి. కిటికీ దిమ్మ మీదికెగిరి కూర్చుని, లోపలి కిచకిచలకు తలకాయ అటూ ఇటూ తిప్పుతూ గొణిగింది. దాని ఒంట్లోనూ రోగం ఉండే ఉంటుందని, రెండు వారాలు పిల్లలను దానికి దూరంగా ఉంచాలని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట దానికి నేనెలా చెప్పేది? నూకలు పెడితే తినలేదు. పోయి పక్కన నిలబడి వీపు నిమిరాను, మళ్లీ స్నానం చేసి లోపలికి వచ్చాను. ఆ రోజు నాకు అది నాలుగో స్నానం.

సోమవారం పొద్దు బాగా ఎక్కాక వదిన ఇంట్లో మొదటి గుడ్డు చిట్లింది. మధ్యాహ్నానికి పన్నెండు. "అమాస గుడ్లు మురగలా, నీవీ మురగలా. మీ అత్త మాటే మురిగింది," అన్నాను.

డాక్టరమ్మ వచ్చింది. తలుపు దగ్గర ఆపి, "స్నానం సేసినావా తల్లీ?" అని అడిగాను. ఆమె పగలబడి నవ్వింది. "మా ప్రొఫెసర్లు కూడా ఇంత కట్టడి పెట్టలేదు అవ్వా," అంటూ చేతులు కడుక్కుని, కాలేజీ ఎగ్గొట్టి ఉండిపోయిన నువ్విచ్చిన ఉతికిన చొక్కా పైన తొడుక్కుంది. మందు కలిపి గడియారం చూసుకుంది. ఇక అందరం చేతులు కలిపాం. వదిన పిల్లను పట్టి ఇస్తుంది, డాక్టరమ్మ మెడ వెనక తోలు చిటికెతో పైకి లాగి బొట్టంత మందు ఎక్కిస్తుంది, నేను అందుకుని రెండో పెట్టెలో వేస్తాను. నువ్వు లెక్క రాసుకోవాలి, కానీ ఒకటి తప్పించుకుని అన్నం డబ్బా వెనక దూరితే దాన్ని పట్టుకోవడానికి లెక్క వదిలేశావు. ముప్పై అయిదు పిల్లలు. గంట కాకముందే అయిపోయింది. మిగిలిన మందును డాక్టరమ్మ తనే పద్ధతిగా పారేసింది.

రెండు వారాలయ్యాక తొమ్మిదింటినీ దొడ్డిలో వదిలాను. తల్లి పరుగున వస్తుందనుకున్నాను. రాలేదు. దగ్గరికి పోయిన పిల్లను ఒకటి ముక్కుతో పొడిచి తరిమింది. మరిచిపోయింది. అప్పుడు మాత్రం నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి. వదిన చూసి, "వదినా, అవి బతికుండాయి కాబట్టే తరమతాండాది. అది సాలు," అంది. జీవితంలో ఆమె నాతో చెప్పిన మంచి మాటల్లో అదొకటి, రాసి పెట్టు.

అసలు భయం తర్వాత. కాళ్లు పోయేది రెండో నెలలో, మూడో నెలలో. రోజూ పొద్దున నూకలు దూరంగా చల్లి, అవి నడిచి వచ్చేది చూసేదాన్ని. ముందు కాలు, వెనక కాలు, ముందు కాలు, వెనక కాలు. ఒకదాన్ని గండుపిల్లి ఎత్తుకుపోయింది. అప్పుడు ఏడవలేదు నేను, హమ్మయ్య పిల్లి పనే కదా, రోగం కాదు కదా అనుకున్నాను. మిగిలిన ఎనిమిదీ నడుస్తూనే ఉన్నాయి. వదినవి కూడా. వీధి దాటి అటూ ఇటూ ఒకదాని దొడ్డిలో ఒకటి తింటున్నాయి.

రోగం పోలేదు, అది తెలుసు. వాటి ఒంట్లో ఎక్కడో కూర్చునే ఉంటుంది. అందుకే ఇక మీదట ఏ పిల్లా సూది లేకుండా పెరగకూడదు. ఏ ఒక్క ఇల్లూ తప్పకూడదు. పక్క వీధివాళ్లు కూడా ఇప్పుడు మనతో చేరారు. పొదిగేసే ముందు అందరూ మన అరుగు మీదకు వస్తారు, క్యాలెండరు మధ్యలో పెట్టుకుంటాం. మంగళవారం వద్దని ఒకరు, అష్టమి వద్దని ఒకరు. చంద్రుడి మీద మనిషి కాలు పెట్టి వచ్చినాడంట, మనం కోడి కింద గుడ్డు పెట్టలేకపోతున్నాం అంటుంది మూలింటి కోడలు.

ఇదిగో, ఈ పొద్దున్నే జరిగింది కూడా రాయి, అక్కడితో చాలు. ఆ తొమ్మిదిలో మిగిలిన ఒక కౌజు పెట్ట మొదటిసారి పొదుగుకు కూర్చుంది. అందరం ఒప్పుకున్న రోజు ఈరోజే. పదమూడు గుడ్లు, బొగ్గుముక్క, మేకు. నేను పెట్టి లేచే లోపల వదిన వచ్చింది.

"నిజంగా పెట్టినావా, ల్యాకపోతే రేపు పెడదామని పైపైన కోడిని కూసోబెట్టినావా?"

"నీ మాదిరి అనుకున్నావా నన్ను?"

"నమ్మను. లెక్కబెడతా," అని వదిన చెయ్యి కోడి కిందికి పెట్టింది. మా అమ్మ కోడి కదా అది. మణికట్టు మీద రక్తం వచ్చేట్టు పొడిచింది. వదిన చెయ్యి ఊదుకుంటూ, నన్ను తిట్టుకుంటూ తన ఇంట్లోకి పోయి, తన కోడి గంపను ఎత్తుకొచ్చి నా ముందు పెట్టింది. నా చెయ్యి పట్టుకుని, దాని కిందికి తోసింది.

"లెక్కబెట్టుకో వదినా," అంది.

లెక్కబెట్టాను. పదకొండు. వెచ్చగా ఉన్నాయి.